మొదటి కొలిమి దగ్గర నలభై జపాలు

మా వీధి ఆడవాళ్ళు ఫెలిక్స్ కార్మొడీని పుణ్యాత్ముడంటారు. కొలిమి ముందు నిలబడి కూడా మరియమ్మ జపం మానేవాడు కాదట. పార ఎత్తినా దించినా పెదాలు కదులుతూనే ఉండేవట. అలాంటి భక్తుడు ఇక పుట్టడట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆర్మొరికా ఓడలో పదమూడేళ్ళు అతని పక్క కొలిమి నాది. పెదాలు కదిలిన మాట నిజమే. కానీ ఆ జపం మోక్షం కోసం కాదు, టైము తెలియడం కోసం. అసలు సంగతి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. "హనిగన్, నీకు అసూయ" అన్నారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఫెలిక్స్ పుణ్యాత్ముడు కాదు, మొండివాడు. బూతుల్లో లివర్‌పూల్ రేవు మొత్తం మీద అతన్ని మించినవాడు లేడు. పొట్టి మనిషి, దున్నపోతు మెడ. మెడలో ఎప్పుడూ చెమట తుడుచుకునే గుడ్డ, దాన్ని పళ్ళతో కొరికి పట్టుకుని పని చేసేవాడు. ఒకసారి ఏదైనా అనుకున్నాడంటే దాన్ని అతని బుర్రలోంచి గడ్డపారతో కూడా పెకలించలేం.

ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. వాళ్ళ నాన్న రేవులో బస్తాలు మోసేవాడు. కాలు మీద పీపా దొర్లి పాదం నుజ్జయింది. పనికిరాని మనిషిని ఎవరు ఉంచుకుంటారు? బీదల సత్రంలో చేర్చారు. అక్కడ కూర్చోబెట్టి పాత తారు తాళ్ళు పీచు పీచుగా విడదీయించేవారు, తిండికి బదులు. ఆదివారం ఆదివారం వాళ్ళమ్మ ఫెలిక్స్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఆయన గోళ్ళలోంచి నెత్తురు కారుతుండేదట, కొడుకు కంట పడకుండా చేతులు వెనక్కి పెట్టుకునేవాడట. మూడేళ్ళకి అక్కడే పోయాడు. ఈ కథ ఫెలిక్స్ నాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పి, "నేను ఓడ దిగిపోయే రోజున నా కాళ్ళ మీద నడిచి మా ఇంటికెళతానురా. ఆ సత్రం గేటులోంచి నన్ను లోపలికి తోసే మగాడు పుట్టలేదు" అన్నాడు. నేను నవ్వలేదు.

మా పని గురించి కాస్త చెప్పాలి. ఆర్మొరికా ఆరు రోజుల్లో న్యూయార్క్ చేరేది. పైన రెండువేల మంది జనం. మొదటి తరగతిలో ఆడవాళ్ళు మంచుగడ్డ మీద పెట్టిన పళ్ళు తింటూ, ఓడ చాలా మెత్తగా పోతోందని మెచ్చుకునేవారు. మెత్తగా పోయేది మా వీపుల మీద. నీటిమట్టానికి దిగువన, బాయిలర్ల ముందు, కొలుముల్లో బొగ్గు వేసే ఎనిమిదిమంది ఫైర్‌మన్లం వరసగా నిలబడేవాళ్ళం. ఒక్కొక్కడికి ఒక కొలిమి. నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం, మళ్ళీ నాలుగు గంటలు. మా వంతు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా, రాత్రీ అంతే.

పని మన ఇష్టం వచ్చినట్టు చేస్తే కుదరదు. అందుకు గోడకి ఒక జేగంట బిగించారు. దాన్ని ఇంజన్ గదిలో ఒక యంత్రం మోగిస్తుంది. మొదటిసారి మోగితే బొగ్గు వెయ్యాలి. ఏడు నిమిషాలకి రెండోసారి మోగితే గునపంతో మంట కింద కట్టిన చిట్టెం పగలగొట్టాలి. మరో ఏడు నిమిషాలకి మూడోసారి, అప్పుడు మంట సమంగా సర్ది బూడిద లాగాలి. మళ్ళీ మొదటికి. ముందుగా మొదటి కొలిమివాడు తలుపు తీస్తాడు, అతను మూశాక రెండోవాడు, అలా వరసగా. మా వెనకవైపు గదిలో ఇంకో వరస ఉంది. మా తలుపులు మూసి ఉన్నప్పుడే వాళ్ళవి తెరుచుకునేట్టు లెక్క కట్టారు. రెండు వరసలూ ఒకేసారి నోళ్ళు తెరిస్తే చల్లగాలి లోపలికి కొట్టి, ఆవిరి పడిపోయి, పైన పొగగొట్టం నల్లగా కక్కుతుంది. అప్పుడు ఇంజనీర్లు కిందికి దిగుతారు. ఇంజనీరు కిందికి దిగడం మాకెవరికీ ఇష్టం ఉండదు.

మొదటి కొలిమి ఫెలిక్స్‌ది. రెండోది నాది.

పందొమ్మిది వందల తొమ్మిదిలో అతని చెవులు పోవడం మొదలైంది. ఓడలో ఎవరికీ తెలియలేదు. తెలియదు కూడా. ఆ హోరులో మేం మాట్లాడుకునేది పెదాలు చూసీ, చేతులు చూసీ. కనిపెట్టింది వాళ్ళావిడ వినీ. ఒక ఆదివారం అతని మోచేతి దగ్గరే ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, ఫెలిక్స్ తాపీగా రొట్టె కోసుకుంటున్నాడట. వినీ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి అతని ముఖం రెండు చేతులతో తనవైపు తిప్పుకుని, "ఎన్నాళ్ళ నుంచీ?" అని అడిగింది. అతను కత్తి కింద పెట్టాడు.

చెవిటివాణ్ణి బాయిలర్ గదిలో ఉంచరు. దానికి కారణం ఉంది. ఓడకి దెబ్బ తగిలితే గదుల మధ్య ఇనుప తలుపులు పైనుంచి దిగుతాయి. దిగే ముందు గోడకున్న చిన్న గంట మోగుతుంది, పదో పన్నెండో సెకన్లు. అది వినపడనివాడు తలుపుకి ఇవతలే ఉండిపోతాడు, నీళ్ళతో పాటు. కాబట్టి కంపెనీవాళ్ళది తప్పని నేననను. కానీ కొలిమి పని తప్ప ఇంకేం రానివాడికి, నలుగురు పిల్లల తండ్రికి, ఆ న్యాయం ఏం కూడు పెడుతుంది? అతని కళ్ళకి కనిపించేది ఒకటే, బీదల సత్రం గేటు.

నాకు అప్పుడే చెప్పాడు. చెప్పక తప్పలేదు, పక్క కొలిమి నాది కనక.

"తలుపుల గంట మోగితే నా వీపు మీద గుద్దు" అన్నాడు.

"గుద్దుతాను. జేగంట సంగతేంట్రా? ఏడు నిమిషాలైందని నీకెవడు చెబుతాడు?"

"అది నేను చూసుకుంటాలే. నీ చెవులు బావున్నాయా?"

"పాము చెవుల్రా నావి" అన్నాను. గొప్పగానే అన్నాను.

అతను చూసుకున్న పద్ధతి ఇదీ. వాళ్ళ వంటింట్లో పొయ్యి గట్టు మీద ఒక గడియారం ఉండేది. దాని ఎదురుగా నిలబడి, చేతిలో పొయ్యి పార పట్టుకుని, లేని బొగ్గు లేని కొలిమిలో వేస్తూ, మరియమ్మ జపం చెప్పుకునేవాడు. జపమాల ప్రతి ఇంట్లోనూ చెప్పేదే, చిన్నప్పటి నుంచీ నోటికి ఒకే వేగంలో అలవాటైపోయిందే. వినీ గడియారం ముల్లు చూసేది. మొదట్లో ఏడు నిమిషాలకి నలభైమూడు వచ్చాయి. "తొందరపడుతున్నావు, అమ్మని తరుముతున్నావా?" అనేది వినీ. నెమ్మదిగా చెబితే ముప్ఫై ఎనిమిది. "ఇప్పుడేమో నిద్రపుచ్చుతున్నావు." సెలవు దొరికిన పది రోజులూ పొద్దున్నా సాయంత్రం అదే పని. పక్కింటివాళ్ళు పిచ్చెక్కిందనుకున్నారు. పదో రోజుకి సరిగ్గా నలభై. పదేసి చొప్పున నాలుగుసార్లు. ముల్లు ఏడో గీత మీదికి వచ్చేసరికి నలభయ్యో ఆమెన్.

అంత చేసినా నాలుగు గంటల్లో ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది కదా. దానికీ ఉపాయం పట్టాడు. మేం తాగే నీళ్ళ బాల్చీ, ఓట్స్ పిండి కలిపిన నీళ్ళు, సరిగ్గా జేగంట కింద వేలాడేది. మూడోసారి మోగాక చేసే పని అయ్యాక నీళ్ళకి వెళ్ళేవాడు. వెళ్ళి అలిసిపోయినట్టు ఇనుప గోడకి అరచెయ్యి ఆనించేవాడు. జేగంట మోగితే ఆ అదురు అరచేతికి తెలిసేది. దాన్నిబట్టి మళ్ళీ ఒకటి నుంచి లెక్క. మా మేస్త్రీ స్కలీ దాన్ని చూసి, "కార్మొడీ, గోడ పడిపోతుందనా పట్టుకున్నావు?" అనేవాడు. ఫెలిక్స్ అతని పెదాలు చూసి, "నువ్వు ఆనుకుంటే పడిపోద్ది మేస్త్రీ, నేనానుకుంటే నిలబడద్ది" అనేవాడు.

ప్రతి ప్రయాణానికీ ముందు డాక్టరు ముందు వరసకట్టి నడవాలి. ఆయన చేతులు చూసేవాడు, కళ్ళు చూసేవాడు, "ఏమైనా జబ్బా?" అనేవాడు. ఆయన పెదాలు ఆగగానే ఫెలిక్స్ "ఏం లేదు సార్" అనేవాడు. మూడేళ్ళు కాస్త తక్కువగా ఇలాగే నడిచింది. ఓడ తిరిగొచ్చిన ప్రతిసారీ సర్వీసు పుస్తకంలో రెండు ముద్రలు పడేవి, నడవడి చాలా బాగు, పని చాలా బాగు. ఆ ముద్రలే మా బతుకు. ఏ ప్రయాణానికైనా అక్కడ ముద్ర పడలేదంటే, ఆ మనిషిని ఏ ఓడా ఎక్కించుకోదు.

పందొమ్మిది వందల పదకొండు నవంబరులో అంతా తలకిందులైంది.

న్యూయార్క్ వెళుతున్నాం. రెండోరోజు పొద్దున మా వంతులో ఆవిరి పడిపోయింది. పొగగొట్టం నల్లగా కక్కింది. మేడమీద షికారు చేస్తున్న మొదటి తరగతి దొరసాని ఎవరో తెల్ల టోపీ నల్లటోపీ చేసుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్ళింది. సెకండ్ ఇంజనీరు మెక్‌క్వారీ నిచ్చెన దిగి వచ్చాడు. స్కాట్లండు మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మా చర్చి అంటే పడదు, నవ్వడమంటే అసలే పడదు. కాసేపు నిలబడి చూసి, స్కలీ చెవిలో ఏదో అరిచి వెళ్ళిపోయాడు. మూడోరోజూ అదే తంతు.

మధ్యాహ్నం పని దిగాక నల్లమూకుడు వచ్చింది. అది మా హక్కు. పైన పెద్దవాళ్ళు తినగా మిగిలిన కోడికాళ్ళు, చేపముక్కలు, వేటమాంసం అన్నీ ఒకే మూకుడులో కలిపి వంటవాళ్ళు మాకు పంపేవారు. అందరూ దాని చుట్టూ మూగారు. నేను ఫెలిక్స్‌ని పక్కకి లాగాను.

"వెనకబడుతున్నావురా. మూడోసారికి నిమిషంన్నర పోతోంది. ఏమైంది నీకు?"

"నాకేం కాలేదు. నలభయ్యే చెబుతున్నాను."

"ఒట్టు?"

"ఒట్టు. నలభైకి ఒక్కటి ఎక్కువైతే నన్ను సముద్రంలో తోసెయ్."

నేను అతని ముఖం వంక చూశాను. అప్పుడు నాకు నెల గుర్తొచ్చింది. నవంబరు. చచ్చిపోయినవాళ్ళ ఆత్మల నెల. ఆ నెలలో మా వాళ్ళు పది జపాలకోసారి పోయినవాళ్ళకి నిత్యవిశ్రాంతి ఇమ్మని ఒక చిన్న ప్రార్థన కలుపుతారు. వాళ్ళమ్మ ఆ సెప్టెంబరులోనే పోయింది.

"ఒరేయ్ ఫెలిక్స్, పదికోసారి మీ అమ్మకి కూడా చెబుతున్నావా?"

కోడికాలు నోటి దగ్గరే ఆగిపోయింది. "చెప్పరా మరి? నవంబరు కదా!"

"అది లెక్కలోకి రాదా నీ ముఖం!"

"అది జపం కాదుగా. చచ్చినవాళ్ళకి చెప్పేది."

"చచ్చినవాళ్ళకి చెప్పినా టైము పడుతుంది కదరా దద్దమ్మా! ఒక్కోదానికి ఏడు సెకన్లు. నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది. మూడుసార్లకి నిమిషంన్నర. మీ అమ్మని స్వర్గానికి పంపుతూ మమ్మల్ని ఇంజనీరు దగ్గరికి పంపుతున్నావు. ఆపెయ్."

అతను కోడికాలు మూకుడులో పడేశాడు. తింటున్నది పడెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆపను" అన్నాడు. "నాన్నకి ఎవరూ చెప్పలేదు. సత్రంలో పోయినవాళ్ళకి పేరు కూడా చదవరు. మా అమ్మకి, ఆయనకి ఇద్దరికీ చెబుతాను. ఉద్యోగం కూడా వదలను. మూడు జపాలు తీసేస్తా. ముప్ఫై ఏడు, నాలుగు నిత్యవిశ్రాంతులు. లెక్క సరిపోతుందా లేదా చూడు."

వేళ్ళ మీద లెక్కేశాను. సరిపోయింది. ఆ సాయంత్రం నా జేబు గడియారం పెట్టి, మంచం అంచున కూర్చోబెట్టి చెప్పించాను. ఎనిమిదిసార్లు చెప్పాడు. నాలుగోరోజుకి ఆవిరి ముల్లు కదిలితే ఒట్టు.

కానీ మెక్‌క్వారీ వదిలే మనిషి కాడు. న్యూయార్క్‌లో బొగ్గు నింపుకుని తిరుగుముఖం పట్టగానే మా ఎనిమిది మందినీ, స్కలీనీ నిలబెట్టాడు.

"ఒకడు ఆలస్యమైతే ఆవిరి పడదు. వరస మొత్తం ఆలస్యమైంది. అంటే మీలో ఎవడికో చెవులు లేవు, మిగతావాళ్ళు వాణ్ణి దాస్తున్నారు. ఆ తలుపుల గంట మోగిన రోజున వాడు చస్తాడు, వాణ్ణి లాగబోయి ఇంకొకడు చస్తాడు. లివర్‌పూల్ చేరేలోపు వాణ్ణి పట్టుకుంటాను. వాడి పుస్తకంలో ముద్ర వెయ్యను. దాచినవాడి పుస్తకంలో కూడా వెయ్యను. అర్థమైందా?"

అందరం "సార్" అన్నాం. ఫెలిక్స్ అందరితో పాటే అన్నాడు.  నాకూ పిల్లలున్నారు.

"నువ్వు పక్కకి తప్పుకో హనిగన్" అన్నాడు ఫెలిక్స్ తరవాత. "నీకేం తెలీదని చెప్పు. నేను పడతాను."

"నోరు మూసుకుని జపం చేసుకో" అన్నాను. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

తిరుగు ప్రయాణంలో నాలుగోరోజు. ఉదయం ఎనిమిదికి దిగాం. ఆ రోజు పని నాకు బాగా గుర్తు, ఎందుకంటే అంత చక్కగా సాగిన రోజు లేదు. ఫెలిక్స్ తలుపు తీశాడు, నాలుగు పారలు వేశాడు, మూశాడు. నేను తీశాను. మూశాను. మూడోవాడు. నాలుగోవాడు. ఎనిమిదోవాడి తలుపు పడేసరికి అందరం గునపాలు అందుకున్నాం. మొదటిసారి నీళ్ళకి వెళ్ళినప్పుడు ఫెలిక్స్ అక్కడ మామూలుకంటే ఎక్కువసేపు నిలబడ్డాడు, అరచెయ్యి గోడ మీద పెట్టి. స్కలీ వైపు తిరిగి చేత్తో ఏదో సైగ చేశాడు, జేగంటని చూపిస్తూ. స్కలీ తల అడ్డంగా ఊపి, చెవి చూపించి, పో పొమ్మని చెయ్యి విసిరాడు. ఫెలిక్స్ భుజాలు ఎగరేసి వచ్చి పార పట్టాడు. ఇదేదో మామూలు కీచులాట అనుకున్నాను.

సరిగ్గా పన్నెండింటికి మెక్‌క్వారీ దిగాడు. చేతిలో గడియారం ఉంది. మమ్మల్ని గోడకి ఎదురుగా, అతనికి వీపులు కనపడేట్టు నిలబెట్టాడు.  వెనక నుంచి అడుగుతాడన్నమాట. పెదాలు కనపడవు. ఫెలిక్స్ వరసలో చివర నిలబడ్డాడు, నా పక్కనే. గుద్దుదామంటే ఇంజనీరు చూస్తున్నాడు.

"ఒక్కొక్కడూ చెప్పండి. ఇవాళ జేగంట ఎలా మోగింది?" అని అరిచాడు.

మొదటివాడు, "బాగానే మోగింది సార్."

రెండోవాడు, "ఎప్పటిలాగే సార్. ఏడు నిమిషాలకోసారి."

అలా వస్తోంది. మేస్త్రీ స్కలీ అయితే ఛాతీ విరుచుకుని, "ఒక్కసారి కూడా తప్పలేదు సార్" అన్నాడు. నా వంతు వచ్చింది. "చక్కగా మోగింది సార్. ప్రతిసారీ విన్నాను" అన్నాను. గట్టిగా అన్నాను, ఫెలిక్స్ నా పెదాలు చూసి అదే చెబుతాడని. అతను మెడ తిప్పి నావంకే చూస్తున్నాడు. ఇందాకటి నుంచీ అందరి పెదాలూ చూశాడు. అందరూ మోగింది, మోగింది అనడం చూశాడు. ప్రశ్నేమిటో అతనికి ఈపాటికి తెలిసిపోయింది.

నేను కళ్ళతో బతిమాలాను. మోగిందని చెప్పరా. అందరూ చెప్పిందే చెప్పరా.

ఫెలిక్స్ గోడ వంక తిరిగాడు.

"మోగలేదు సార్" అన్నాడు. "నేను మొదటిసారి నీళ్ళకి వెళ్ళేసరికే మీ జేగంట చచ్చిపోయింది. మేస్త్రీకి చెప్పాను. మోగుతోంది పొమ్మన్నాడు."

  మెక్‌క్వారీ నెమ్మదిగా మా ముందుకి వచ్చి, జేగంట దగ్గరికి వెళ్ళి, దాని సుత్తిని పైకెత్తి చూపించాడు. సుత్తి వేలాడుతోంది. ఎనిమిదీ పావుకి యంత్రం దగ్గర దాని తీగ తనే తెంపాడట.

దాదాపు నాలుగు గంటలసేపు అది నోరెత్తలేదు. మేం ఎనిమిది మందిమి మోగిందన్నాం.

నాకు తల కొట్టేసినట్టయింది. ప్రతిసారీ విన్నానని ప్రమాణం చేసినవాణ్ణి నేను. పాము చెవులవాణ్ణి. నిజంగా విన్నాననే అనుకున్నాను. ఫెలిక్స్ తలుపు తెరుచుకోగానే నా తలలో జేగంట మోగేది, ఎన్నేళ్ళ నుంచి అలా మోగుతోందో దేవుడికి తెలియాలి. మా అందరికీ అంతే. ముందువాణ్ణి చూసి తరవాతివాడు. మొదటివాణ్ణి చూసి అందరూ. మొదటివాడు వాళ్ళమ్మకి ప్రార్థన కలిపితే వరస మొత్తం వాళ్ళమ్మకి ప్రార్థన కలిపింది. దాచానని పొంగిపోయినవాణ్ణి, ఇన్నాళ్ళూ నన్నే ఫెలిక్స్ దాచాడు.

మెక్‌క్వారీ జేబులోంచి ఆవిరి లెక్కల కాగితం తీసి చూశాడు. ముల్లు ఆ నాలుగు గంటల్లో గీత కిందికి దిగలేదు. అతను ఫెలిక్స్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. గొంతు పెట్టి అడిగాడో, ఉత్త పెదాలే కదిపాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు వినపడలేదు. అప్పటికి దాని అర్థం నాకు తెలుసు.

ఫెలిక్స్ మాత్రం జవాబు చెప్పాడు. "లెక్కపెట్టుకున్నాను సార్. ఆవిరి పడిపోతే చెప్పండి, ఇప్పుడే దిగిపోతాను. పడకపోతే నా కొలిమి నాకు వదిలెయ్యండి. ఇంకోమాట. తలుపుల గంట పక్కన ఎర్రదీపం పెట్టించండి. గంట నాకొక్కడికే కాదు, వీళ్ళెవరికీ వినపడదు. దీపమైతే అందరికీ కనపడద్ది."

ఇంజనీరుకి సలహా ఇచ్చిన ఫైర్‌మన్‌ని అదే మొదటిసారి చూడటం. మెక్‌క్వారీ మెడ ఎర్రబడింది. మా ఎనిమిది మంది ముఖాలూ ఒకదాని తరవాత ఒకటి చూశాడు. చెవిటివాళ్ళని దింపేస్తే ఓడ నడిపేవాళ్ళు మిగలరని లెక్కేసుకుంటున్నాడని నా అనుమానం.

"ముందు ఆ తీగ కట్టండి" అని స్కలీతో అని నిచ్చెనెక్కి వెళ్ళిపోయాడు.

లివర్‌పూల్‌లో పుస్తకాలు తిరిగి ఇచ్చినప్పుడు ఫెలిక్స్ తనది తెరవలేదు. చొక్కాలో పెట్టుకుని ఇంటిదాకా నడిచాడు. పక్కన నేనున్నాను. తలుపు తీసిన వినీ చేతికి అలాగే ఇచ్చాడు. ఆమె పేజీ తిప్పింది. చూసింది. చాలాసేపు చూసింది. తరవాత పుస్తకం మా వైపు తిప్పి పట్టుకుంది. రెండు ముద్రలు. చాలా బాగు. చాలా బాగు. నా పుస్తకంలో కూడా అవే ఉన్నాయని అప్పటికే రేవులో పదిసార్లు చూసుకున్నాను. తరవాతి ప్రయాణానికి బాయిలర్ గదిలో గంట పక్కన ఎర్రదీపం ఉంది. ఎవరు పెట్టించారో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో నేను లేవలేదు. టోపీ నలుపుతూ కూర్చున్నాను.

"ఏమయ్యా హనిగన్, ఇల్లు గుర్తులేదా?" అంది వినీ.

"నాక్కూడా నేర్పండి" అన్నాను. అంతకంటే కష్టమైన మాట నేను జీవితంలో అనలేదు.

ఫెలిక్స్ నవ్వలేదు. వేళాకోళం చెయ్యలేదు, అదే నాకు ఆశ్చర్యం. లేచి పొయ్యి పార నా చేతిలో పెట్టి, నన్ను గడియారం ముందు నిలబెట్టాడు. మొదటిసారి నాకు యాభై వచ్చాయి. "ఎవర్రా తరుముతున్నారు నిన్ను?" అన్నాడు.

ఆ చలికాలం అయ్యేసరికి ఒక్కొక్కడే ఆ వంటింట్లోకి వచ్చారు. స్కలీ అందరికంటే చివర వచ్చాడు, గోడ గురించి అతను వేసిన హాస్యాలన్నీ ఫెలిక్స్ అతనికే అప్పజెప్పాడు.

యుద్ధం వచ్చింది, పోయింది. పందొమ్మిది వందల ఇరవైలో ఆర్మొరికాకి నూనె కొలుములు పెట్టారు. ఎనిమిది మంది పని ఒకడు మీట తిప్పి చేస్తాడట. మమ్మల్ని దింపేశారు. ఫెలిక్స్ గుడ్డ మూట భుజాన వేసుకుని, ఓడ మెట్లు దిగి, బండి కూడా ఎక్కకుండా, బీదల సత్రం గేటు ముందునుంచి కావాలని చుట్టుదారిన నడిచి ఇంటికెళ్ళాడు. గేటు ముందు ఆగి ఉమ్మేశాడు. పుణ్యాత్ములు అలా ఉమ్మరు.

మొన్న నవంబరులో తన మంచం మీదే పోయాడు. చర్చిలో మా వరసలో మిగిలిన ఐదుగురం ముందు బల్ల మీద కూర్చున్నాం. ఫాదర్ కొత్తవాడు, కుర్రవాడు. పెట్టె పక్కన నిలబడి ఏదో చదువుతున్నాడు, మాకేం వినపడుతుంది? మేం జపం మొదలుపెట్టాం. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. ఆయన ఎప్పుడో ముగించేశాడట, వినీ తరవాత చెప్పింది. ముగించి, మమ్మల్ని లేవమని రెండుసార్లు చెప్పి, చివరికి పుస్తకం మూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడట. ముప్ఫై ఏడు జపాలు, నాలుగు నిత్యవిశ్రాంతులు. ఐదుగురం ఒక్కసారే లేచాం. వినీ గోడ గడియారం చూసింది. ఏడు నిమిషాలు.